142వ పేజీలో బస్సు టికెట్టు

ఆదివారం పొద్దున్నే కరెంటు పోయింది. ఏం తోచక పుస్తకాల బీరువా సర్దడానికి కూర్చున్నాను. కింది అరలో ‘వేయిపడగలు’ నవల దుమ్ము కొట్టుకుని ఉంది. దులుపుతుంటే 142వ పేజీలోంచి బస్సు టికెట్టు జారిపడింది. మదనపల్లి నుంచి తిరుపతికి వచ్చినప్పటిది. టికెట్టు మీద ఒక్క అక్షరం మిగల్లేదు, అంతా వెలిసిపోయి తెల్ల కాయితం అయిపోయింది. నేను ఆ పుస్తకం మూసి ఎన్నాళ్లయిందో అదే చెప్తోంది.

మూయడం అది మూడోసారి. మూడుసార్లూ ఆ చుట్టుపక్కలే. ఇప్పుడిప్పుడే కథ పట్టు దొరికిందనుకుంటాను, ఇంతలో ధర్మం గురించో సంగీతం గురించో చర్చ మొదలవుతుంది, పేజీలకు పేజీలు సాగుతుంది. కథానాయకుడు ధర్మారావు మీద నాకేం కోపం లేదు. ఆయన ఎదురుగా కూర్చుంటే ఆవులింత ఆపుకోవాలి, అంతే. ఎస్వీ యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఈ మాట అనడానికి భయం. తెలుగు ఎమ్మే చేసే స్నేహితురాళ్లు అడిగితే “చదివాను, బ్రహ్మాండం” అనేసి టాపిక్ మార్చేసేదాన్ని.

నాయన మాత్రం ప్రతి ఎండాకాలం మిద్దె మీద పడక్కుర్చీ వేసుకుని మొదటి నుంచి చదువుతాడు. విశ్వనాథ సత్యనారాయణ దీన్ని 29 రోజుల్లో చెప్పి రాయించాడని, పి.వి. నరసింహారావు హిందీలోకి తెచ్చాడని ఎన్నిసార్లు చెప్పాడో. ఆఖరికి ఆ వేయి పడగల్లో రెండే మిగులుతాయని కూడా ఆయనే చెప్పేశాడు. ఇంక నేను దేనికోసం చదవాలి?

అదే నాయనకు, మా వైపు యాసలో రాసే నామిని పుస్తకం ఇస్తే పది పేజీలు దాటలేదు. “మనింట్లో మాట్లాడుకునే మాటలే కదా పాపా, దీనికి దుడ్లు పెట్టి కొనాలా?” అన్నాడు. నాకు ఇష్టమైందే అందుకు! మా అవ్వ మాట్లాడినట్టు అచ్చులో చూసినప్పుడు నాకు కలిగిన సంబరం ఆయనకెలా చెప్పేది.

అమ్మది ఇంకో దారి. వారపత్రికల్లోంచి సీరియళ్లు కత్తిరించి, గోనెసంచి దబ్బనంతో కుట్టుకున్న కట్ట ఒకటుంది. మధ్యలో రెండు వారాలవి లేవు, పక్కింటామె తీసుకుపోయి తిరిగివ్వలేదట. ఆ రెండు వారాలు ఎగిరి దూకి ఇప్పటికీ చదువుతుంది. మా ఇంట్లో మూలలు బాగా నలిగింది ఆ కట్టే, నాయన ‘వేయిపడగలు’ కూడా కాదు.

మధ్యాహ్నం తినేటప్పుడు మళ్లీ అదే గొడవ. “1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ పెడితే బహుమతి దీనికీ, అడివి బాపిరాజు ‘నారాయణరావు’కీ సగం సగం పంచారు కదా నాయనా. అంత పెద్దోళ్లే తేల్చలేకపోయారు” అన్నాను, గెలిచాననుకుని.

నాయన సంగటి ముద్ద పప్పులో అద్దుకుంటూ, “అయితే నీకు ‘నారాయణరావు’ నచ్చిందా?” అన్నాడు.

అది నేను చదవనే లేదు. మాట్లాడకుండా ఊరిబిండి వేసుకున్నాను. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం గాంధీ రోడ్డుకు పోయి వచ్చేసరికి పుస్తకం నా మంచం మీద ఉంది. ఆ తెల్ల టికెట్టు ఇప్పుడు ఒకటో పేజీలో ఉంది.