లారీకి షాఫ్ట్ ఎక్కించాం

ఎండ ముదరకముందే పని అయిపోవాలని పొద్దున్నే ఒంగోలు బైపాస్ పక్కనున్న షెడ్డుకి పోయాను. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు తిప్పుడు అందించే పొడుగాటి గొట్టమే షాఫ్ట్. దాని జాయింట్లలో ఉండే ప్లస్ ఆకారం ముక్కల్ని, అంటే క్రాసుల్ని, రాత్రే మార్చేశారు, షాఫ్ట్ ఎక్కించడమే మిగిలింది. చీమకుర్తి క్వారీ గుంతల్లోంచి రాయి లోడుతో ఫస్ట్ గేర్లో పైకెక్కే బండి మాది, జాయింట్లు అరక్కేం చేస్తాయి. క్లచ్ వదిలినప్పుడల్లా కింద టక్‌మనే చప్పుడు ఈమధ్య రోడ్డు పక్కనున్న వాళ్లకి కూడా వినపడేది.

మెకానిక్ భాయ్ ఎక్కించబోయే ముందు ప్రతి జాయింటూ చేత్తో తిప్పి చూశాడు. ఒకటి మూడు వైపులా హాయిగా ఆడింది, నాలుగో వైపు బిగుసుకుంది. క్రాసు కొన మీది కప్పు ఊడకుండా పట్టే సర్‌క్లిప్ కూడా గాడిలో పూర్తిగా కూర్చోలేదు. కప్పు ఊడదీస్తే లోపల బేరింగ్ సూదుల్లో ఒకటి పక్కకి ఒరిగి అడుగున పడుంది. అగ్గిపుల్లంత కూడా లేదు, అలాగే బిగిస్తే కొత్త క్రాసు మొత్తాన్ని తినేసేది! గ్రీజులో అంటించి దాన్ని వరుసలో నిలబెట్టి కప్పు మళ్లీ కొట్టి ఎక్కించాడు.

ఆయన చాదస్తమంతా గుర్తుల దగ్గరే. దించేటప్పుడే షాఫ్ట్ పొడవు సర్దుకునేలా జారే స్లిప్ జాయింట్ మీద, బోల్టులు బిగించే ఫ్లాంజీల మీద పంచ్‌తో చుక్కలు పెట్టుకున్నాడు. జాయింట్ వంపులో తిరిగితే ఒక్కో చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఆ తేడాని అవతలి చివరి జాయింట్ సరిచేస్తుంది, అదీ షాఫ్ట్ రెండు కొనల్లో క్రాసుల్ని పట్టుకునే యోకులు రెండూ ఒకే వరుసలో ఉంటేనే. స్లిప్ జాయింట్ పళ్లు తప్పు వరుసలో దూరాయా, లోడుతో బండి వణుకుతుంది, షాఫ్ట్‌ని మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ కూడా పోతుంది. అందుకే చుక్కకి చుక్క కలిశాకే బోల్టు ముట్టుకోనిచ్చాడు.

చక్రాలకి చెక్క దిమ్మెలు ముందే పెట్టాం, షాఫ్ట్ లేని బండిని గేరు ఆపదు కదా. జాకీ మీద లేపి, ఫ్లాంజీల మొహాలు తుడిచి, కొత్త నట్లతో బిగించారు. కుర్రాడు పాత నట్లు ఏరబోతే భాయ్ కసిరాడు. గ్రీజు గన్‌తో కొడితే నాలుగు కప్పుల సీళ్ల నుంచీ గ్రీజు బయటికొచ్చింది.

టంగుటూరు దాకా పోయొచ్చాం. చప్పుడు లేదు, వణుకూ లేదు.

"ఒక లోడు కొట్టొచ్చాక బోల్టులు మళ్లీ బిగించుకో అన్నా, మర్చిపోబాక" అన్నాడు భాయ్. ఆ సైజు రింగ్ స్పానర్ మా బండిలో లేదు. సాయంత్రం స్పేర్ల కొట్లో కొని క్యాబిన్‌లో పడేశాను.