డాబా మీద వంగరెడ్డి కూర: ఐదో వారం

ఉప్పు నేలల్లో పెరిగే ఆకుకూర వంగరెడ్డి కూర ఎంత ఉప్పు నీటిని తట్టుకుంటుందో చూద్దామని బరంపురంలో మా డాబా మీద నాలుగు కుండీలు పెట్టి ఈ ఆదివారానికి ఐదు వారాలు. హుమ్మ ఉప్పు మళ్ళ గట్టు మీద పాకుతున్న వంగరెడ్డి కూర నుంచి జానెడు కొమ్మలు తుంచి తెచ్చాను. కణుపు మట్టిలోకి పోతే చాలు, వారంలో వేళ్లు వస్తాయి. సగం ఇసుక, సగం తోట మట్టి.

ఒక కుండీకి పోసే నీటిలో అసలు ఉప్పు లేదు, మిగతావాటికి లీటరు నీటికి 5, 10, 20 గ్రాముల రాళ్ల ఉప్పు. ఒకేసారి కాదు, నాలుగు రోజులకోసారి 5 గ్రాముల చొప్పున పెంచాను. పోల్చి చూడటానికి పక్కన ఒక మిరప మొక్కకు 5 గ్రాముల నీళ్లే పోశాను. మూడో రోజుకే తల వాల్చేసింది. వేలు పెట్టి చూస్తే మట్టి తడిగానే ఉంది! ఉప్పు కలిసిన నీటిని వేరు లాక్కోలేదు. తడిలో నిలబడి దాహంతో ఎండిపోవడమంటే ఏమిటో ఆ మొక్కను చూసే తెలుసుకున్నాను.

వంగరెడ్డి కూర పద్ధతి వేరు. అది ఉప్పును లోపలికి రానిస్తుంది. వచ్చిన సోడియాన్ని కణంలోని నీటి సంచిలో, అంటే రిక్తికలో, దాచేస్తుంది. సంచి బయట ఉన్న కణద్రవ్యం నీళ్లు కోల్పోకుండా ప్రోలిన్ లాంటి పదార్థాలు తయారుచేసుకుంటుంది. అలా లోపలి ఉప్పే బయటి నీటిని లాగుతుంది. ఆకును బాగా కడిగి కొరికాను, లోపలి రసమే ఉప్పన. ఒడిశా తీరంలోని భితర్‌కనికా మడ అడవిలో చూసిన మడ చెట్టు ఇలా కాదు, ఆకు మీది గ్రంథుల నుంచి ఉప్పును బయటికి తోసేస్తుంది. ఆకు మీద వేలితో రాస్తే సన్నని పలుకులు అంటుకున్నాయి.

ఇప్పటికి 10 గ్రాముల కుండీదే పైచేయి: కొమ్మ 19 సెంటీమీటర్లు, ఆకులు వేళ్లలా లావుగా ఉన్నాయి. ఉప్పు లేనిది 14 దగ్గరే ఉంది, ఆకులు పలచన. 20 గ్రాములది 13.

రెండో వారంలో ఇచ్ఛాపురం పెళ్లికి వెళ్లి మూడు రోజులు నీళ్లు పోయలేదు. వచ్చేసరికి 20 గ్రాముల కుండీ అంచున తెల్లటి పొర కట్టింది, ఆకులు ముడుచుకుపోయాయి. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మట్టిలోనే మిగిలిపోయింది. చాలా టెన్షన్ పడ్డాను. అడుగు నుంచి కారేదాకా మంచినీళ్లు పోస్తే నాలుగు రోజులకు తేరుకుంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ప్రతి కుండీలోనూ దాని కొలత నీళ్లే అడుగు నుంచి కారేదాకా పోస్తున్నాను. కింద పళ్లెంలో చేరిన నీటిని వేరే మొక్కలకు పోయకూడదు.

మా అమ్మమ్మ ఈ కూరను ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి పప్పులో వేసేది, ఉప్పు డబ్బా ముట్టుకునేది కాదు. 10 గ్రాముల కుండీలోంచి గుప్పెడు కోసి నేనూ అలాగే వండాను. ఉప్పు సరిపోయింది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. రేపటి నుంచి 20 గ్రాముల కుండీకి వారానికి 3 గ్రాముల చొప్పున పెంచుతాను. ఈ పొద్దున దాని కొమ్మ చివర ఒక గులాబీ మొగ్గ కనిపించింది.