అరిసెలు, తెరచాప

సంక్రాంతి సెలవులకు ఇంట్లో ఉండకుండా కొచ్చిలో మా బావగారి స్నేహితుడి తెరచాప పడవలో మూడు రాత్రులు గడిపొచ్చాను. అమ్మ బాగా అలిగింది. "పున్నమి ఘాట్‌లో లాంచీ ఎక్కితే భవానీ ద్వీపం రాదా? పడవ కోసం అంత దూరం పోవాలా?" అంటూనే అరిసెల డబ్బా సర్దిచ్చింది.

బొల్గాట్టి మరీనాలో కట్టేసిన పడవ. నిద్ర పడితేనా! తాళ్లు తెరచాప కొయ్యకు కొట్టుకుంటూ రాత్రంతా టిక్కు టిక్కుమనే చప్పుడు. పడుకునే చోటు మన రైలు బెర్తు కంటే కొంచెం నయం, అంతే.

మధ్యాహ్నం నేల వేడెక్కి సముద్రం మీది నుంచి గాలి మొదలయ్యాక బయల్దేరాం. గాలికి ఎదురుగా పడవ నేరుగా పోదట. ఓసారి ఎడమకి, ఓసారి కుడికి, వంకరటింకరగా పోవాలి. తిప్పిన ప్రతిసారీ తెరచాప ఫట్‌మని అటు పడుతుంది, మనం తల వంచాలి. నేను తాడు వదలడం ఆలస్యం చేసి అరచేయి కాల్చుకున్నాను. అయినా ఇంజిన్ ఆపేశాక, పడవ ఓ పక్కకి ఒరిగి, నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడని ఆ పది నిమిషాలున్నాయే... చేయి మంట గుర్తే రాలేదు. ఫోర్ట్ కొచ్చి చీనా వలలు చూస్తూ అరిసెలు తిన్నాం. ఉప్పుగాలికి మెత్తబడిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు.

నిన్న బెజవాడలో దిగితే ప్లాట్‌ఫాం ఊగుతోంది. ఇవాళ స్నానం చేస్తుంటే బాత్రూం కూడా. అమ్మకి చెబితే, "మజ్జిగ తాగి పడుకో" అంది.