పాయింట్లు సమానం, ర్యాంకులు కాదు

ఆదివారం చెస్ టోర్నీలో మా అమ్మాయికి 9 రౌండ్లలో 7 పాయింట్లు వచ్చాయి. అవే 7 పాయింట్లతో ఇంకో బాబుకి కప్పు, తనకి సర్టిఫికెట్ మాత్రమే. గోడకు అంటించిన లిస్టు ముందు నిలబడి ఏడ్చేసింది.

పాయింట్లు సమానమైనప్పుడు ర్యాంకు తేల్చడానికి అక్కడ చూసిన లెక్క బుక్‌హోల్జ్, అంటే మనతో ఆడినవాళ్ళ పాయింట్ల మొత్తం. తను మొదటి రౌండే ఓడింది. స్విస్ పద్ధతిలో ప్రతి రౌండులో వీలైనంతవరకు సమాన పాయింట్లున్నవాళ్ళనే జత కలుపుతారు కాబట్టి, తర్వాత చాలాసేపు కింది బోర్డుల్లోనే ఆడింది. ఆ బాబు మొదటినుంచీ పై బోర్డుల్లో గట్టివాళ్ళతో తలపడ్డాడు. కప్పు వాడికి రావడం నాకు న్యాయమే అనిపించింది.

కానీ టై అయితే ఏ లెక్క చూస్తారో మొదటి రౌండుకి ముందే పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలి కదా! అక్కడ ఎవరూ చెప్పలేదు. రాత్రి ఇద్దరం కూర్చుని తన ప్రత్యర్థుల పాయింట్లన్నీ కూడాం.