వండర్ ఉమన్ తాడు కోర్టులో చెల్లదు

ఇద్దరు సూపర్ హీరోల్ని ఒక కథలోకి తెస్తే మా మేనల్లుడు మొదట అడిగే మాట: "ఎవరు గెలుస్తారత్తా?" వాణ్ణి అని ప్రయోజనం లేదు, కామిక్స్ కంపెనీలే అలా అలవాటు చేశాయి. 1996లో డీసీ, మార్వెల్ తమ హీరోల్ని ఒకరి మీదికొకరిని వదిలినప్పుడు ముఖ్యమైన ఐదు పోటీల్ని పాఠకుల ఓట్లతో తేల్చారు. బ్యాట్‌మన్ కెప్టెన్ అమెరికా మీద గెలిచాడు. వండర్ ఉమన్ స్టార్మ్ చేతిలో ఓడింది. ఓట్లు లెక్కపెట్టి చెప్పేదానికి మధ్యలో ఆ గుద్దులాట దేనికో!

1976లో సూపర్‌మన్, స్పైడర్‌మన్ మొదటిసారి కలిసిన పుస్తకం నయం. సూపర్‌మన్‌ని సాలీడు కుర్రాడు కొట్టాలంటే కిటుకు కావాలి కాబట్టి, సూపర్‌మన్ శత్రువు లూథర్ చేత ఈ కుర్రాడి మీద ఎర్ర సూర్యుడి కిరణాలు ప్రయోగింపజేశారు. ఆ ప్రభావం దిగిపోయాక మనవాడు గుద్దితే నొప్పి మనవాడి చేతులకే. ఆ పేజీ నాకు ఇష్టం. కాకపోతే దెబ్బలాటకి అంత ఏర్పాటు చేయాల్సి వచ్చిందంటే, ఆ జంటకి దెబ్బలాట అక్కర్లేదనే కదా?

నేనైతే జోడీ కట్టేటప్పుడు ఒకరి శక్తి ఇంకొకరి పనికి ఎక్కడ అడ్డం పడుతుందో చూస్తాను. ఫెంటాస్టిక్ ఫోర్‌లో రాతి మనిషి బెన్ గ్రిమ్ పక్కన ప్లాస్టిక్ మ్యాన్‌ని పెట్టామనుకోండి. ఇంట్లో సాగే మనిషి రీడ్‌తో ఎన్నో ఏళ్లుగా వేగుతున్న బెన్‌కి, కుర్చీగానో దీపంగానో మారిపోయి జోకులేసే ఇంకో సాగే మనిషి! ఇది నాలుగు పేజీలు బాగుంటుంది, ఐదో పేజీకి విసుగొస్తుంది.

నా అసలు జోడీ డేర్‌డెవిల్, వండర్ ఉమన్. నేను కాకినాడ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను గనక ఇది వృత్తి రోగం అనుకున్నా సరే.

వండర్ ఉమన్‌ని 1941లో సృష్టించిన విలియం మార్‌స్టన్ హార్వర్డ్‌లో లా, సైకాలజీ రెండూ చదివినవాడు. అబద్ధం ఆడేవాడి రక్తపోటు పెరుగుతుందని, దాన్ని కొలిచి నిజం పట్టుకోవచ్చని ఆయన వాదన. ఫ్రై అనే ముద్దాయి మీద హత్య కేసులో డిఫెన్సు వాళ్లు ఆ పరీక్షని సాక్ష్యంగా పెట్టబోతే కోర్టు ఒప్పుకోలేదు. 1923లో అప్పీలు కోర్టూ అదే మాట అంది: ఆ శాస్త్రం తెలిసినవాళ్లు సాధారణంగా ఆమోదించని పద్ధతి మా దగ్గర చెల్లదు. కోర్టు వద్దన్నదాన్ని ఆయన ఇంటికి తెచ్చుకుని బంగారు తాడుగా పేనుకున్నాడేమో అనిపిస్తుంది నాకు. మొదట్లో ఆ తాడు బిగిస్తే చెప్పిన మాట వినాల్సిందే. పోనుపోను నిజం కక్కించడమే దాని పని అయింది, మాయాబజార్‌లో శకుని సత్యపీఠం ఎక్కినట్టు.

ఇటు డేర్‌డెవిల్, 1964. కళ్లు లేని లాయరు మ్యాట్ మర్డాక్, ఎదుటివాడి గుండె చప్పుడు విని అబద్ధం పట్టేస్తాడు. అంటే మార్‌స్టన్ సిద్ధాంతమే, వేరే కంపెనీలో!

కథ చెప్తాను. న్యూయార్క్‌లో మ్యాట్ ఉండే పేట హెల్స్ కిచెన్‌లో నగల దుకాణం దోచుకున్నారు, కాపలావాడు చనిపోయాడు. ముద్దాయి "నేను కాదు" అన్నాడు, గుండె నిబ్బరంగా కొట్టుకుంది. మ్యాట్ కేసు తీసుకున్నాడు. ఎదురింటి కిటికీలోంచి చూసిన పెద్దావిడ "వీడే" అంది. ఆవిడ గుండె కూడా అంతే నిబ్బరం. తన చెవుల మీదే అనుమానమొచ్చి మ్యాట్ డయానాకి, అంటే వండర్ ఉమన్‌కి, కబురు పెట్టాడు. తాడు ఇద్దరికీ కట్టారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

ఇలాంటి సాక్షిని నేను చాలాసార్లు చూశాను. బోనులో మనల్ని కష్టపెట్టేది అబద్ధాలకోరు కాదు. తను చూసిందనుకున్నదాన్ని పూర్తిగా నమ్మే మంచి మనిషి.

గుట్టు విప్పడం డయానా వంతు. ఆవిడ పాత శత్రువు డాక్టర్ సైకో, ఎక్టోప్లాజం అనే మాయ పదార్థంతో మనుషుల ఆకారాలు తయారుచేసేవాడు, ముద్దాయి ముఖంతో ఓ బొమ్మని నడిపించాడు. పెద్దావిడ ఆ ముఖాన్ని నిజంగానే చూసింది.

"అయితే పద, జడ్జికి చెబుదాం" అంటుంది డయానా. మ్యాట్ కదలడు. న్యూయార్క్ రాష్ట్ర కోర్టులు ఇప్పటికీ ఆ ఫ్రై కొలతనే పాటిస్తాయి. తాడు సాక్ష్యం దాని ముందు నిలవదు, ఎక్టోప్లాజం అసలే నిలవదు. (మన దగ్గరా తేలిక కాదమ్మా డయానా. 2010లో సెల్వి కేసులో సుప్రీం కోర్టు, మనిషి ఇష్టం లేకుండా లై డిటెక్టరు, నార్కో పరీక్షలు చేయకూడదంది. అడక్కుండా నీ తాడు బిగిస్తే ఇక్కడా అబ్జెక్షన్ చెప్తాను.)

ఇక మ్యాట్‌కి మిగిలింది క్రాస్ ఎగ్జామినేషన్ ఒక్కటే.

"నాకు కళ్లు లేవమ్మా, మీరే చూపించాలి. వీధిలో దీపం ఎటువైపు ఉంది?"

"ఎడమవైపు."

"అతని ముఖం ఎటు తిరిగి ఉంది?"

"...కుడివైపు అనుకుంటా."

"అనుకుంటున్నారా, చూశారా?"

ఒక్కో ప్రశ్నకి ఆవిడ గుండె వేగం పెరగడం మ్యాట్‌కి వినిపిస్తూనే ఉంటుంది. నిజంగా చూసిన మనిషిని, చూడలేదేమో అనుకునేదాకా తీసుకెళ్తున్నాడు. నిర్దోషి బయటపడాలంటే అంతకంటే దారి లేదు. వెనక బెంచీలో తాడు నడుముకి చుట్టుకుని కూర్చున్న డయానా ఇది చూసి సహించదు. జ్యూరీ తిరిగి రాకముందే లేచి వెళ్లిపోతుంది.

వీళ్లిద్దరికీ తగాదా అంటే అదీ, భవనాలు కూలాల్సిన పని లేదు. రెండో సంచికలో సైకోని పట్టుకోవడానికి మ్యాట్‌కి మళ్లీ డయానా కావాలి. ఆవిడ ముందు ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పి రమ్మంటుంది. లాయరుగా మ్యాట్ వెళ్లకూడదనే నా అభిప్రాయం. మా మేనల్లుడు మాత్రం వెళ్లాలంటున్నాడు.