బయోడేటాలో రాయని మూడేళ్లు

గుంటూరు కొత్తపేటలో కొత్తగా కట్టిన ఆసుపత్రి గోడలకి బొమ్మలు ఎంపిక చేసే పని ఉందంటే వెళ్లాను. డాక్టరు గారు నా బయోడేటా తిరగేసి, "క్యూరేటర్ అంటే ఇంటీరియర్ డెకరేషనేనా అమ్మా?" అన్నారు. కాదండీ, ఎగ్జిబిషన్‌లో ఏ బొమ్మలు పెట్టాలో, ఏది దేని పక్కన ఉండాలో తేల్చేది క్యూరేటర్; కొనేవాళ్ల తరఫున వెతికి, ధర మాట్లాడి, కాగితాలు సరిచూసేది కన్సల్టెంట్; నేను రెండూ చేస్తానని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు.

బయోడేటాలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చదువు, రెండు గ్రూప్ షోలు ఉన్నాయి. విజయవాడ గవర్నర్‌పేటలో పటాలు కట్టే షాపులో మూడేళ్లు పనిచేసిన సంగతి మాత్రం నామోషీగా అనిపించి రాయలేదు. రోజంతా వెంకటేశ్వరస్వామి పటాలు, పెళ్లి ఫోటోలు, ఎప్పుడో ఒక వాటర్‌కలర్. నిజానికి పని నేర్చుకుంది అక్కడే.

డాక్టరు గారి వెనక గోడకి వాళ్ల నాన్నగారు కొన్న పాత వాటర్‌కలర్ ఉంది. ఉండబట్టలేక, "ఒకసారి దించొచ్చా అండీ?" అని అడిగి వెనక్కి తిప్పాను. మేకులు తుప్పు పట్టాయి. ప్లైవుడ్ మరక కాగితం అంచులదాకా పాకింది. ముందువైపు ఒక మూల బొమ్మ అద్దానికి అతుక్కుపోయి, నల్లటి బూజు చుక్కలు. "మన ఉక్కపోతకి లోపల చెమ్మ చేరుతుందండీ. బొమ్మకీ అద్దానికీ మధ్యలో మౌంట్, అంటే అట్ట చట్రం, వేసి కాస్త సందు ఉంచాల్సింది" అన్నాను. పైగా ఎదురుగా పడమటి కిటికీ. ఇలాంటి బొమ్మల మీద మ్యూజియంలలో 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరు. ఇక్కడ సాయంత్రం ఎండ నేరుగా కొడుతోంది.

ఆయన ఇంకేమీ అడగలేదు. పని నాకే ఇచ్చారు.

షరతు ఒక్కటే: సూర్యాస్తమయం బొమ్మలు వద్దు. ఆసుపత్రి కదా, సబబే. పెడన అద్దకం, శ్రీకాళహస్తి కలం పని గుడ్డలు ఇట్టే ఓకే అయ్యాయి. చిక్కు వచ్చింది ప్రకాశం బ్యారేజీ పెయింటింగ్ దగ్గర. ఎర్రటి సూర్యుడు, నీళ్లలో గేట్ల నీడలు. నాకు తెగ నచ్చి, చిత్రకారుడికి అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. "సూర్యోదయమండీ" అని ధీమాగా చూపించాను.

డాక్టరు గారి భార్యది విజయవాడే. ఒక్క చూపు చూసి, "ఉత్తరపు ఒడ్డున ఉండే ఇంద్రకీలాద్రి కుడిచేతి వైపు ఉందిగా? అంటే పడమరకి చూస్తున్నట్టు. తూర్పుకి చూస్తే కొండ ఎడమవైపు రావాలి" అన్నారు. కృష్ణ ఎటు పారుతుందో కూడా చూసుకోకుండా మాట ఇచ్చేసినందుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చిత్రకారుడి తప్పేముంది? మిగతా డబ్బు నా ఫీజులోంచే కట్టాను.

ఆ బొమ్మ ఇప్పుడు మా హాల్లో ఉంది. ఫ్రేమ్ పాత షాపులోనే కట్టించాను. ఓనరు గారు టీ ఇప్పించారు గానీ, రూపాయి తగ్గించలేదు.