రొయ్యల గుంటలకు ఎనర్జీ రూటర్ సైజు ఎలా తేల్చామంటే

మైపాడు వైపు మా బాబాయికి నాలుగు వెనామీ రొయ్యల గుంటలున్నాయి. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఇరవై, ఒక్కోటి 2 హెచ్‌పీ. "కరెంటు బిల్లు చూసి ఎంత సోలార్ కావాలో చెప్పు అబ్బయ్యా" అన్నాడు. బిల్లు పక్కన పెట్టు బాబాయ్ అన్నాను. నెలకు ఎన్ని యూనిట్లు కాలాయో అందులో ఉంటుంది గానీ, తెల్లవారుజామున కరెంటు పోతే ఏం కావాలో ఉండదు.

పగలు నీళ్లలోని సన్నటి నాచు, అంటే ప్లాంక్టన్, ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అది కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ తినేస్తుంది. అందుకే పొద్దు పొడిచే ముందు డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది, 4 పీపీఎం కిందికి దిగితే టెన్షనే. ఏరేటర్లన్నీ తిరగాల్సిన ఆ వేళకి ప్యానెళ్ల నుంచి ఒక్క వాట్ రాదు. పోనీ పగలైనా ధీమా ఉందా అంటే, ప్యానెళ్ల కరెంటును లైన్లో కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. ప్యానెళ్లు ఉంటే కరెంటు పోయినా ఫర్వాలేదనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది.

అందుకే గ్రిడ్, సోలార్, బ్యాటరీ, జనరేటర్ నాలుగింటినీ ఒకచోట కలిపి, ఏ వేళకి ఎటు నుంచి తీసుకోవాలో తానే చూసుకునే ఎనర్జీ రూటర్ పెట్టాలనుకున్నాం. నెల్లూరులో ఒక డీలరు 100 కేవీఏ (రూటర్ మోయగల లోడుకు కొలత) సైజుకి కొటేషన్ రాసిచ్చాడు. వందెందుకండీ అంటే "సేఫ్టీ సార్" అన్నాడు. సేఫ్టీ ఖరీదు మనదే కదా!

లెక్క మళ్లీ మొదటి నుంచి వేశాం. 40 హెచ్‌పీ అంటే దాదాపు 30 కిలోవాట్లు. మోటార్లలో పోయేది కూడా కలిపితే 36 దాకా లాగుతాయి. లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.8 వేసుకుంటే 45 కేవీఏ. వైరుకు తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి కూడా చూశాను, రెక్కలు లోతుగా మునిగినవాటికి ఆంప్స్ ఎక్కువగానే ఉన్నాయి.

అసలు తిప్పలు స్టార్టింగ్ దగ్గర. డైరెక్ట్‌గా స్టార్ట్ చేస్తే మోటారు ఆ కాసేపు ఆరింతల కరెంటు లాగుతుంది. ఇరవై ఒక్కసారే లేస్తే 270 కేవీఏ! వంద కొన్నా పడిపోతుంది. అదే టైమర్లు పెట్టి ఒక్కోటే లేపితే, తిరుగుతున్న పంతొమ్మిదికి 43, లేచేదానికి 13.5, మొత్తం 57 లోపే. దాంతో 60 కేవీఏకి దిగాం. టైమర్ రిలేల ఖర్చు రూటర్‌లో మిగిలినదాని ముందు ఎంత!

బ్యాటరీకి అరగంట బ్యాకప్ చాలనుకున్నాడు బాబాయి. 18 యూనిట్లే కదా, చిన్నది సరిపోతుందన్నాడు. యూనిట్ల వరకు నిజమే. కానీ 1సీ బ్యాటరీ, అంటే నిండా ఉన్నది గంటలో ఖాళీ కాగలిగేది, తన సైజును మించి కిలోవాట్లు ఇవ్వదు. 36 కిలోవాట్ల లోడు మోయాలంటే కనీసం 36 యూనిట్లది కావాలి, ఖాళీ కావడానికి రెండు గంటలు పట్టే 0.5సీ అయితే 72. చివరికి 60 యూనిట్ల లిథియం ఫెరో ఫాస్ఫేట్, 1సీది, ఖాయం చేశాం. 80 శాతం వరకే వాడినా కొత్తలో గంటకు పైగా వస్తుంది. కొన్నేళ్లకి కాస్త అరిగినా, జనరేటర్ అందుకునే దాకా ఢోకా లేదు.

సోలార్‌ది పెద్ద చర్చ కాలేదు. పగలు సగం ఏరేటర్లే తిరుగుతాయి, 30 కిలోవాట్లు పెడితే రోజుకి 120 యూనిట్ల దాకా వస్తాయి.

కొటేషన్‌లో ఏ టెంపరేచర్ దగ్గర 60 కేవీఏ ఇస్తుందో రాయించాను. మన ఎండల్లో రేకుల షెడ్డు లోపల రేటింగ్ తగ్గుతుంది. పైగా సముద్రపు గాలికి ఉప్పు పడుతుంది కాబట్టి లోపలి సర్క్యూట్ బోర్డులకు కోటింగ్, దుమ్మూ నీళ్లూ లోపలికి పోని ఐపీ65 బాక్సు అడిగాం.

ఆఖర్న తేలింది చార్జింగ్ లిమిట్. బాబాయి పాత జనరేటర్ 62.5 కేవీఏ, అంటే 50 కిలోవాట్లు. అందులో 36 కిలోవాట్లు ఏరేటర్లకే పోతాయి. అది నడిచేటప్పుడు బ్యాటరీ 10 కిలోవాట్లకు మించి చార్జ్ అవకుండా సెట్టింగ్ పెట్టించాం. గ్రిడ్ మీద ఉన్నప్పుడు కరెంటోళ్లు మంజూరు చేసిన లోడు (శాంక్షన్డ్ లోడు) దాటకుండా లిమిట్ వేరే ఉంది.